లెక్కలోకి రాని రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్

2021 నవంబరు 27 ఉదయం. కాన్పూర్ గ్రీన్‌పార్క్‌లో న్యూజిలాండ్‌తో తొలి టెస్టుకు మూడో రోజు. భారత వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది, తల తిప్పడమే కష్టమైంది. అవతల న్యూజిలాండ్ ముందు రోజు సాయంత్రానికే వికెట్ పోకుండా 129 పరుగులు చేసి ధీమాగా ఉంది. సాహా బదులు గ్లవ్స్ తొడుక్కోమని విశాఖపట్నం ఆటగాడు కోన శ్రీకర్ భరత్‌కు కబురొచ్చింది. సిద్ధం కావడానికి తనకు దొరికింది 12 నిమిషాలేనని భరత్ తర్వాత చెప్పాడు.

అసలు అప్పట్లో జట్టుకు మొదటి కీపర్ రిషభ్ పంత్. అతనికి విశ్రాంతి ఇచ్చారు కనుక సాహా ఆడుతున్నాడు. సాహాకు మెడ పట్టేసింది కనుక భరత్ వచ్చాడు. అంటే వరసలో మూడోవాడు.

ఆ రోజు అతను చేసినవి మూడు. స్కోరు 151 దగ్గర అశ్విన్ వేసిన బంతి బాగా కిందుగా వెళ్తూ విల్ యంగ్ బ్యాటుకు రాసుకుంది. భరత్ అందుకున్నాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. బ్యాటు తగిలిందని భరత్ పట్టుబట్టి కెప్టెన్ రహానేతో రివ్యూ అడిగించాడు. తగిలింది. యంగ్ 89 దగ్గర వెనుదిరిగాడు. తర్వాత అక్షర్ పటేల్ బౌలింగ్‌లో రాస్ టేలర్ 11కే అతనికి క్యాచ్ ఇచ్చాడు. ఆ తర్వాత అక్షర్ బంతికే టామ్ లాథమ్ ముందుకొచ్చి దొరికిపోయాడు. 282 బంతులు ఆడి 95 చేసినవాణ్ని, సెంచరీకి 5 పరుగుల దూరంలో, భరత్ స్టంపౌట్ చేశాడు.

ఇప్పుడు కూడిక చేయండి. న్యూజిలాండ్ తొలి ఇన్నింగ్స్ 296. అందులో యంగ్, లాథమ్, టేలర్ ముగ్గురివీ కలిపితే 195. దాదాపు మూడింట రెండొంతుల పరుగులు చేసిన ముగ్గురూ ఆ రోజు పొద్దున దాకా ఆటలోనే లేనివాడి చేతిలో పడ్డారు. 151 దాకా వికెట్టే పోని జట్టు మిగిలిన 145 పరుగులకు పది వికెట్లూ పోగొట్టుకుంది. 345 చేసిన భారత్‌కు 49 పరుగుల ఆధిక్యం దక్కింది. మ్యాచ్ మాత్రం గెలవలేదు. చివరి రోజు న్యూజిలాండ్ 9 వికెట్లకు 165 దగ్గర ఆగింది. ఆఖరి జోడీ రచిన్ రవీంద్ర, అజాజ్ పటేల్ 52 బంతులు కాచుకుని డ్రా చేసుకున్నారు.

మరి భరత్ టెస్టు లెక్కల్లో ఆ మూడూ ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు.

క్రికెట్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు పట్టిన క్యాచ్ బౌలర్ ఖాతాకు వెళ్తుంది, జట్టు ఖాతాకు వెళ్తుంది, ఔటైనవాడి ఖాతాలో చెరగకుండా ఉంటుంది. పట్టినవాడి ఖాతాకు మాత్రం రాదు. స్కోరు కార్డులో ‘సబ్’ అని రాసి, బ్రాకెట్లో పేరు వేస్తారు, అంతే. అతను ఆ మ్యాచ్ ఆడినట్టు కూడా కాదు. చిన్నప్పుడు పెద్ద పిల్లలు మనల్ని ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు కదా, క్రికెట్ చట్టం సబ్‌స్టిట్యూట్‌ను దాదాపు ఆ హోదాలోనే ఉంచింది. బ్యాటింగ్ లేదు, బౌలింగ్ లేదు, కెప్టెన్సీ లేదు. కీపింగ్ కూడా 2017 అక్టోబరులో ఎంసీసీ కొత్త చట్టాలు వచ్చాకే అనుమతించారు, అదీ అంపైర్లు ఒప్పుకుంటేనే. అంతకుముందు కీపర్ గాయపడితే జట్టులో ఉన్న పదకొండు మందిలోనే ఎవరో ఒకరు గ్లవ్స్ తొడుక్కోవాలి, లేదా ఎదుటి కెప్టెన్ దయ తలచాలి. 1986లో లార్డ్స్‌లో అలాంటి దయే జరిగింది. ఇంగ్లండ్ కీపర్ బ్రూస్ ఫ్రెంచ్‌కు దెబ్బ తగిలితే, రెండేళ్ల కిందటే రిటైరై, స్పాన్సర్ల అతిథులను చూసుకుంటున్న 45 ఏళ్ల బాబ్ టేలర్‌ను పిలిచి కీపింగ్ చేయించారు. న్యూజిలాండ్ కెప్టెన్ జెరెమీ కోనీ సరేనన్నాడు కనుక సరిపోయింది. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్‌కు నలుగురు కీపర్లు పనిచేశారు.

భరత్ అధికారిక టెస్టు అరంగేట్రం 2023 ఫిబ్రవరి 9న నాగపూర్‌లో. కాన్పూర్ నుంచి అక్కడికి 439 రోజులు. ఈ మధ్యలో భారత్ 9 టెస్టులు ఆడింది, ఒక్కదానిలోనూ అతను తుది జట్టులో లేడు. 2022 డిసెంబరు 30న పంత్ కారు ప్రమాదానికి గురయ్యాక గానీ చోటు ఖాళీ కాలేదు. నాగపూర్‌లో జడేజా బౌలింగ్‌లో లబుషేన్‌ను స్టంపౌట్ చేశాడు. రికార్డు పుస్తకం ప్రకారం టెస్టుల్లో భరత్ తొలి స్టంపింగ్ అదే. లాథమ్‌ను అడిగితే వేరే మాట చెప్తాడు.

అతని టెస్టు క్యాప్ సంఖ్య 305. భారత్ తొలి టెస్టు 1932 జూన్‌లో, సి.కె.నాయుడు కెప్టెన్సీలో ఆడింది. ఆనాటి నుంచి 90 ఏళ్లకు పైగా కాలంలో 305 మందికే ఆ టోపీ దక్కిందంటే ఏడాదికి సగటున ముగ్గురు, నలుగురు. రంజీలో ఇప్పుడు 38 జట్లు. ఒక్కో జట్టుకు కనీసం ఒక కీపర్ అనుకున్నా 38 మంది, దేశానికి కావలసింది ఒక్కడు. బ్యాటర్‌కైతే ఆరు కుర్చీలుంటాయి, పేస్ బౌలర్‌కు మూడు. కీపర్‌కు ఒక్కటే. రంజీ చరిత్రలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ ఎవరో కాదు, భరతే. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. అలాంటివాడు కూడా ఆ ఒక్క కుర్చీ కోసం ఏళ్ల తరబడి డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోవలసి వచ్చింది.

ఇది రాస్తున్నది పట్టిసీమలో కనుక ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. ఇక్కడి ఎత్తిపోతల పథకం కూడా రిజర్వు ఆటగాడి లాంటిదే. పోలవరం పూర్తయ్యేదాకా కృష్ణా డెల్టాకు నీళ్లు అందించడానికి, వరద రోజుల్లో పనిచేయడానికి కట్టినది. 24 పంపులు, ఒక్కోటి సుమారు 354 క్యూసెక్కులు, అన్నీ తిరిగితే 8,500 క్యూసెక్కులు. అసలు హీరో వచ్చేదాకా స్థానం కాపాడే పని. తేడా ఏమిటంటే, పట్టిసీమ ఎత్తిన ప్రతి టీఎంసీ పట్టిసీమ పేరనే రాస్తారు.

భావోద్వేగం వద్దు, లెక్కే మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. చోటు దొరికాక భరత్ 7 టెస్టులు ఆడాడు. 12 ఇన్నింగ్స్‌లో 221 పరుగులు, అత్యధికం 44, సగటు 20.09. ఒక్క అర్ధ సెంచరీ లేదు. ఆడినవాటిలో ఎక్కువ బంతి గిర్రున తిరిగే పిచ్‌లే, నిజమే. కానీ కీపర్ నుంచి కూడా పరుగులు ఆశించే రోజులివి. ఆఖరి రెండు టెస్టులు 2024లో ఇంగ్లండ్ మీద, హైదరాబాద్‌లోనూ సొంత ఊరు విశాఖలోనూ. ఆ తర్వాత ధ్రువ్ జురెల్ వచ్చాడు. అన్యాయం జరిగిందని నేననను. ఒక రిజర్వు ఆటగాడిని అతని సగటుతో మాత్రమే గుర్తుపెట్టుకుంటే, అతను అందరికంటే బాగా ఆడిన రోజు ఆ సగటులో ఉండకపోవచ్చు. నా గొడవ అంతవరకే.

సగటు ఎంత మొద్దు కొలతో తెలియాలంటే గోదావరి దాటి కాకినాడ వెళ్లాలి.

గాదె హనుమ విహారి పుట్టింది కాకినాడలో, 1993 అక్టోబరు 13న. ఎమ్మెస్కే ప్రసాద్ తర్వాత భారత టెస్టు జట్టులోకి వచ్చిన ఆంధ్ర ఆటగాడు. మొత్తం 16 టెస్టులు ఆడితే అందులో సొంత గడ్డ మీద ఆడినవి 3. స్వదేశంలో అదనపు స్పిన్నర్ కావాలంటే ముందు పక్కన కూర్చునేది అతనే. విదేశాల్లో కష్టమొస్తే ముందు గుర్తొచ్చేదీ అతనే. 2018లో ఇంగ్లండ్ సిరీస్ చివరి రెండు టెస్టులకు పిలిపించారు. ఓవల్‌లో తొలి ఇన్నింగ్స్‌లోనే 56 చేశాడు. ఆ టెస్టులోనే చేతికి బంతి ఇస్తే 37 పరుగులకు 3 వికెట్లు తీశాడు. అందులో రెండు వరస బంతుల్లో: 125 చేసిన జో రూట్, ఆ వెంటనే తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 147 చేసిన అలిస్టర్ కుక్. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఓపెనర్లు కుదరకపోతే ఇతన్నే ఓపెనింగ్‌కు పంపారు. 66 బంతులాడి 8 పరుగులు చేశాడు. చూడటానికి నవ్వొచ్చే స్కోరు. మయాంక్ అగర్వాల్‌తో కలిసి అతను దాదాపు 19 ఓవర్లు కొత్త బంతిని పాతబడేలా చేశాక, మయాంక్ 76, పుజారా 106 చేశారు. భారత్ 137 పరుగులతో గెలిచింది.

ఇక సిడ్నీ. 2021 జనవరి 11, టెస్టు చివరి రోజు. లక్ష్యం 407. అప్పటిదాకా ఆ సిరీస్‌లో విహారి స్కోర్లు 16, 8, 21, 4. మొత్తం 49. తర్వాతి టెస్టులో అతన్ని తీసేస్తారని అందరూ అనుకుంటున్న సమయం. పంత్ 118 బంతుల్లో 97 చేసి ఔటయ్యాక విహారి వచ్చాడు. కాసేపటికి 205 బంతులాడి 77 చేసిన పుజారా కూడా వెళ్లిపోయాడు. స్కోరు 5 వికెట్లకు 272, ఇంకా 42 ఓవర్లకు పైగా మిగిలి ఉన్నాయి. జడేజా బొటనవేలు విరిగి ఉంది. పరుగు తీయబోయి విహారికి తొడ వెనక కండరం పట్టేసింది. అటువైపు అశ్విన్ నడుము నొప్పితో వంగలేని స్థితిలో ఉన్నాడు. ఒకడు పరుగెత్తలేడు, ఇంకొకడు వంగలేడు. ఆస్ట్రేలియా చేతిలో కమిన్స్, స్టార్క్, హేజల్‌వుడ్, లయన్.

విహారి 161 బంతులు ఆడి 23 నాటౌట్. అశ్విన్ 128 బంతులు ఆడి 39 నాటౌట్. భారత్ 5 వికెట్లకు 334. డ్రా.

ఆ ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా వేసింది 131 ఓవర్లు, అంటే 786 బంతులు. అందులో ఐదో వంతు విహారి ఒక్కడే ఎదుర్కొన్నాడు. స్ట్రైక్ రేట్ 14.28. టీ20 చూసి పెరిగిన పిల్లలకు ఈ అంకె చూపిస్తే అచ్చుతప్పు అనుకుంటారు. ఇప్పుడు అతని టెస్టు సగటు మీద దాని ప్రభావం ఎంతో చూద్దాం. విహారి మొత్తం 839 పరుగులు, 28 ఇన్నింగ్స్, 3 సార్లు నాటౌట్, సగటు 33.56. సిడ్నీ ఇన్నింగ్స్‌ను తీసేస్తే 816 పరుగులు, సగటు 32.64. తేడా 0.92. అంతసేపు కుంటికాలితో నిలబడి టెస్టును కాపాడినందుకు సగటు ఇచ్చిన కూలి ఒక్క పరుగు కూడా కాదు. జమైకాలో వెస్టిండీస్ మీద చేసిన 111 అతని ఏకైక టెస్టు సెంచరీ. పట్టికల్లో పైన కనిపించేది అదే. విహారి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది మాత్రం 23.

సిడ్నీ టెస్టులోనే ఇంకో చిన్న సంగతి ఉంది. ఆ మ్యాచ్‌లో పంత్ మోచేతికి దెబ్బ తగిలితే ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో సబ్‌స్టిట్యూట్ కీపర్‌గా వచ్చింది సాహా. నాలుగు క్యాచ్‌లు పట్టాడు. ఒక్కటీ అతని ఖాతాలో లేదు. పది నెలల తర్వాత కాన్పూర్‌లో అదే సాహాకు బదులుగా భరత్ వచ్చాడు. బదులుగా వచ్చేవాడికి కూడా ఒక బదులు సిద్ధంగా ఉండాలన్నమాట.

ఆ ఆస్ట్రేలియా సిరీస్ మొత్తానికి భారత్ నాలుగు టెస్టుల్లో 20 మందిని ఆడించింది. అందులో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే కనుక అంకెలతో సరిపెడతాను. అడిలైడ్‌లో షమీ చెయ్యి విరిగాకే అతనికి చోటు దొరికింది. 3 టెస్టులు, 13 వికెట్లు. బ్రిస్బేన్ టెస్టుకు దిగే ముందు భారత అయిదుగురు ప్రధాన బౌలర్ల మొత్తం టెస్టు వికెట్లు 11, అందులో 7 సిరాజ్‌వే. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. జట్టు 328 లక్ష్యాన్ని 3 వికెట్లు మిగిలి ఉండగా కొట్టేసింది. కండరం దెబ్బతిన్న విహారి ఆ గెలుపులో లేడు. సిరాజ్‌కూ భరత్‌కూ మధ్య తేడా ప్రతిభ కంటే ముందు ఒక నిబంధనలో ఉంది. సిరాజ్ పదకొండులో ఒకడిగా దిగాడు, కాన్పూర్‌లో భరత్ పన్నెండోవాడిగా దిగాడు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆలమూరు. అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు ఎడమచేతి స్పిన్నర్. 28 టెస్టులు, 93 వికెట్లు, 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులకే 6 వికెట్లు. ఇదంతా బౌలర్‌గా. కానీ టెస్టు క్రికెట్‌లో అతని తొలి ఇన్నింగ్స్ వేరే కథ. 1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ 459 కొట్టింది. సాయంత్రం వెలుగు తగ్గుతున్న వేళ మంచి బ్యాటర్‌ను బలి చేయకూడదని నైట్ వాచ్‌మన్‌గా అరంగేట్రం కుర్రాణ్ని పంపారు. సొంత గడ్డ మీద హ్యాడ్లీ ఉన్న బౌలింగ్ అది. 400 టెస్టు వికెట్లు తీసిన తొలి బౌలర్‌గా హ్యాడ్లీ చరిత్రకెక్కింది ఆ టెస్టులోనే. అలాంటి చోట రాజు రెండు గంటలకు పైగా నిలబడ్డాడు. అవతలి ఎండ్‌లో ఆరుగురు వచ్చి వెళ్లారు. జట్టు 164కు ఆలౌటైతే అందులో 31 రాజువి. తర్వాత పదకొండేళ్ల కాలంలో ఆడిన ఏ టెస్టులోనూ అతను 31 దాటలేదు. మొదటి ఇన్నింగ్స్‌లోనే, తనది కాని పనిలో, తన అత్యధిక స్కోరు చేసేశాడు. మ్యాచ్‌ను భారత్ 10 వికెట్లతో ఓడిపోయింది కనుక ఈ 31ని ఎవరూ తలుచుకోరు. నా దృష్టిలో ఆ చండీగఢ్ ఆరు వికెట్ల పక్కన రాయదగ్గ అంకె ఇది.

అదే పర్యటనలో ఆక్లండ్ టెస్టు ఆడిన గుర్‌శరణ్ సింగ్‌కు అది ఏకైక టెస్టు. అంతకు ఆరేళ్ల ముందు, 1983లో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద, టెస్టు క్యాప్ లేకుండానే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి నాలుగు క్యాచ్‌లు పట్టాడు. ఒక టెస్టులో సబ్‌స్టిట్యూట్ నాలుగు పట్టడం అదే మొదటిసారి. ఆ నాలుగూ అతని పేరు మీద లేవు, రికార్డు మాత్రం ఉంది. లెక్కల పుస్తకం ఇలాంటి తమాషాలు చేస్తుంటుంది.

మిగతా ఆటలు రిజర్వు ఆటగాడి పట్ల ఇంత పిసినారిగా లేవు. బేస్‌బాల్‌లో బెంచీ మీది నుంచి లేచి వచ్చినవాడు పూర్తి ఆటగాడే, ఎవరి బదులు వచ్చాడో వాడు ఇక ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాలేడు. కొట్టినదీ కొట్టలేనిదీ వచ్చినవాడి పేరనే రాస్తారు. అందువల్ల ఒక్క రోజు ఆడినవాడు కూడా పుస్తకంలో నిలుస్తాడు. 1963 సెప్టెంబరు 29న హ్యూస్టన్ జట్టుకు 18 ఏళ్ల జాన్ పాచోరెక్ ఆడాడు. 3 ప్రయత్నాల్లో 3 హిట్లు, పైగా 4 పరుగులు. తర్వాత వెన్ను దెబ్బతిని మళ్లీ ఆ స్థాయిలో ఆడలేదు. అతని జీవితకాల బ్యాటింగ్ సగటు 1.000, అంతకు మించి ఆ ఆటలో అంకె లేదు. ఐస్ హాకీలో 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా జట్టు గోల్‌కీపర్లు ఇద్దరూ గాయపడితే, అత్యవసర గోలీగా స్టేడియంలో ఉన్న 42 ఏళ్ల డేవిడ్ ఏయర్స్ దిగాడు. 10 షాట్లలో 8 ఆపాడు. జట్టు 6-3తో గెలిచింది, ఆ గెలుపు అతని పేరనే నమోదైంది.

క్రికెట్‌లోనూ ఒక తలుపు తెరుచుకుంది. 2019 ఆగస్టు నుంచి తలకు దెబ్బ తగిలి కంకషన్ అయితే బదులు వచ్చినవాడు బ్యాటింగ్, బౌలింగ్ అన్నీ చేయవచ్చు, చేసినదంతా అతని ఖాతాకే. ఆ నెలలోనే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు వచ్చిన లబుషేన్ 59 చేశాడు. టెస్టుల్లో అలా వచ్చిన తొలి ఆటగాడు అతనే, అక్కడి నుంచి అతని కెరీర్ మారిపోయింది. ఇతర గాయాలకు మాత్రం పాత పద్ధతే. 2025 జులైలో మాంచెస్టర్‌లో పంత్ పాదం విరిగితే జురెల్ కీపింగ్‌కు వచ్చి, 150 చేసిన రూట్‌ను జడేజా బౌలింగ్‌లో స్టంపౌట్ చేశాడు. అదీ ‘సబ్’ ఖాతాకే పోయింది.

ఆ ఇంగ్లండ్ సిరీస్ తర్వాత బీసీసీఐ 2025-26 దేశవాళీ సీజన్‌కు, రోజుల తరబడి సాగే మ్యాచ్‌లలో, తీవ్ర గాయాలకు పూర్తిస్థాయి బదులు ఆటగాణ్ని అనుమతించింది. ఈ నిబంధన కాన్పూర్ నాటికే టెస్టుల్లో ఉండి, భరత్ దాని కింద దిగి ఉంటే ఏమయ్యేది? అతని క్యాప్ సంఖ్య 305 కాదు, 304. ఎందుకంటే 303 అదే టెస్టులో అరంగేట్రం చేసిన శ్రేయస్ అయ్యర్‌ది, 304 నాగపూర్‌లో సూర్యకుమార్ యాదవ్‌కు వెళ్లింది. టెస్టులు 7 కాదు, 8. స్టంపింగుల్లో మొదటి పేరు లాథమ్‌ది. కానీ ఆ నిబంధనలో ఒక షరతుంది: మైదానంలో, బయటి దెబ్బ వల్ల అయిన గాయమై ఉండాలి, ఎముక విరగడమో కీలు తప్పడమో అంత తీవ్రమైనదై ఉండాలి. మెడ పట్టేయడం అందులోకి రాదు.